పదంగుళాల మైటర్ సా: బీడింగ్ మూలలు కలిపే పనిలో కొన్నేళ్లు వాడాక

ఇంటీరియర్ పనుల్లో కొన్నేళ్లుగా నేను వాడుతున్నది పదంగుళాల కాంపౌండ్ మైటర్ సా, అంటే పట్టీలను కావాల్సిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం. పదంగుళాలన్నది బ్లేడ్ సైజు. స్లైడ్ లేనిది, అంటే తల రాడ్ల మీద ముందుకూ వెనక్కూ జరగదు. బల్ల రెండు వైపులా తిరుగుతుంది, మోటార్, బ్లేడ్ ఉన్న తల ఒకవైపుకే వాలుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ సైజులో దొరికే చాలా మెషిన్లకు వర్తిస్తాయి. తలుపుల చుట్టూ కొట్టే బీడింగ్, గోడ కింద స్కర్టింగ్, హాల్లో గోడ మీద డబ్బాలు డబ్బాలుగా కొట్టే ప్యానెల్ మోల్డింగ్, అద్దాల ఫ్రేములు... నా పని ఎక్కువగా వీటిమీదే. టేకు, ఎండీఎఫ్, ఈ మధ్య పాలిస్టరిన్ పట్టీలు కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషిన్ చాలా మంచిది, కానీ దాని మీద గీసి ఉన్న డిగ్రీల స్కేలును నమ్మి పని చేయకూడదు. ఒకసారి కోణం కుదిరిందంటే సాయంత్రం దాకా అదే కోణంలో వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తుంది, దీని అసలు గొప్ప అదే. ఆ కోణం ఎంతన్నది మాత్రం గోడ దగ్గరే తేల్చుకోవాలి.

రాణిగంజ్‌లో కొనేటప్పుడు స్లైడ్ ఉన్నదే తీసుకోమని షాపతను గట్టిగా చెప్పాడు. వెడల్పాటి షెల్ఫ్ చెక్కలు కోసేవాళ్లకు అది అవసరమే. నా మెషిన్ తిన్నగా కోస్తే ఐదున్నర అంగుళాల దాకా, 45లో మూడున్నర దాకా తెగుతుంది. బీడింగ్ రెండు మూడు అంగుళాలు మించదు. నాలుగంగుళాల స్కర్టింగ్‌ను పడుకోబెట్టి, తలను 45కి వాల్చి కోస్తాను. స్లైడ్ లేకపోవడం వల్ల రాడ్లలో ఆట (వదులు కదలిక) అనేదే ఉండదు, బరువూ తక్కువ. రోజూ లిఫ్ట్‌లో ఎక్కించి దించేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఈ పనికి ఇదే నయమని ఇప్పటికీ అంటాను.

మెషిన్‌తో పాటు వచ్చిన 40 పళ్ల బ్లేడ్ సైజు చెక్కలు తుంచడానికి సరిపోతుంది. మూలలు కలిపే పనికి 80 పళ్లది వేయండి. పళ్ల వాలు నెగటివ్‌గా (పళ్లు వెనక్కి వాలి) ఉన్నది అడిగి తీసుకోండి, అది పట్టీని పైకి లాగదు, అంచు చీల్చదు. బ్లేడ్ మధ్య రంధ్రం కొన్నింటికి 25.4 మిల్లీమీటర్లు, కొన్నింటికి 30 ఉంటుంది. పాత బ్లేడ్ వెంట తీసుకెళ్లి చూపించి కొంటే రెండోసారి తిరిగే పని ఉండదు. బ్లేడ్ మార్చిన రోజే టేకు కోత మొహం మారిపోయింది. వేలితో రాస్తే గాజులా నున్నగా ఉంది, శాండ్ పేపర్ అవసరమే పడలేదు. మెషిన్ మీద ఇంకో రూపాయి ఖర్చు పెట్టగలిగితే అది బ్లేడ్ మీదే పెట్టాలి.

కొత్త మెషిన్ డబ్బాలోంచి తీయగానే స్కేలు సున్నా చూపిస్తే కోత తిన్నగా వస్తుందనుకోవద్దు. గునియాను (90 డిగ్రీలు చూసే మూలమట్టాన్ని) బ్లేడ్ రేకుకు ఆనించి చూడాలి, పళ్లకు ఆనిస్తే తప్పుడు లెక్క వస్తుంది, పళ్లు రేకు కన్నా మందంగా ఉంటాయి కాబట్టి. తర్వాత వెడల్పాటి తిన్నని ముక్క ఒకటి మధ్యకు కోసి, ఒక సగాన్ని తిరగేసి రెండోదాని పక్కన పెట్టండి. కోత ఎంత వంకరగా ఉందో దానికి రెట్టింపు సందు కనిపిస్తుంది. 45కి అయితే నాలుగు ముక్కలు కోసి చిన్న ఫ్రేమ్ కట్టడమే పరీక్ష. మూడు మూలలు బిగించి నాలుగో మూల చూస్తే, ఎనిమిది కోతల తేడా అంతా అక్కడికొచ్చి చేరుతుంది. ఫెన్స్ (బల్ల మీద పట్టీని వెనక ఆనించే అంచు) బోల్టులు వదులు చేసి ఇది సరిచేసుకోవడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట పెట్టండి.

ఆ తేడా ఎంత పెద్దదో లెక్కలో చూస్తే నమ్మకం కలుగుతుంది. తలుపు చుట్టూ 75 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కొడుతున్నామనుకోండి. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా ఉంటే, రెండు ముక్కలకు కలిపి ఒక డిగ్రీ. జాయింట్ పొడవు 106 మిల్లీమీటర్లు. ఒక కొస ఆనితే రెండో కొసన దాదాపు రెండు మిల్లీమీటర్ల సందు తేలుతుంది. పాలిష్ వేసిన టేకులో దాన్ని ఏ పుట్టీ దాచలేదు.

ఇక గోడల సంగతి. కోకాపేటలో కొత్త ఫ్లాట్ అయినా, హిమాయత్‌నగర్‌లో పాత ఇల్లయినా, మూల సరిగ్గా 90 ఉండటం అరుదు. ప్లాస్టరింగ్‌లో మేస్త్రీ చెయ్యి మూలలో తిరిగే చోట సిమెంట్ మందంగా మిగిలిపోతుంది, పైన పుట్టీ రెండు కోట్లు పడుతుంది. పైన ఒక కోణం, నేల దగ్గర ఇంకో కోణం. మా కుర్రాడు ఒకసారి మియాపూర్ సైట్‌లో పిలిచి అడిగాడు.

"అన్నా, 45 మీదనే పెట్టి కోసిన. అయినా ముందల సందు కనపడుతుంది."

"మూల ఎంతుందో చూసినవా?"

"92 చూపెడుతుంది. అట్లయితే సగం 46 పెట్టాల్నా?"

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. మైటర్ సా స్కేలు తిన్నని కోతను సున్నాగా లెక్కపెడుతుంది. కొలిచే పరికరం రెండు గోడల మధ్య కోణం చూపిస్తుంది. రెండూ వేరు. గోడ కోణంలో సగాన్ని 90లోంచి తీసేస్తే వచ్చేది స్కేలు మీద పెట్టాల్సిన అంకె. 92 గోడకు సగం 46, 90లోంచి తీస్తే 44. అక్కడ పెట్టాలి. 46 పెడితే సందు తగ్గకపోగా రెట్టింపవుతుంది. 15 మిల్లీమీటర్ల మందం ఉన్న స్కర్టింగ్‌లో 45తో ముందు వైపు 0.7 మిల్లీమీటర్లు తేలితే, 46తో ఒకటిన్నర దాకా తేలుతుంది. 90 గోడకు సగం చేసినా, సగాన్ని తీసేసినా 45 రావడమే ఈ గందరగోళానికి కారణం. బాల్కనీ వైపు 135 డిగ్రీల మూల ఉన్న ఇళ్లలో ఈ లెక్క తెలియకపోతే పట్టీలు పట్టీలు పాడవుతాయి. అక్కడ పెట్టాల్సింది 22.5, సగం చేస్తే వచ్చే 67.5కి మెషిన్ తిరగనే తిరగదు.

మా కుర్రాడు 44 మీద పెట్టి రెండు చిన్న ముక్కలు కోసి మూలలో పెట్టాడు. గోటితో గీకితే కూడా జాయింట్ తగల్లేదు. ఆ తర్వాతే అసలు పొడవులు కోశాం. చిన్న ముక్కలతో గోడ దగ్గర చూసుకోకుండా పొడవు పట్టీ మీద బ్లేడ్ దించొద్దని నేను ఎవరికైనా చెప్పే మాట.

స్కర్టింగ్‌కు ఇంకో వాటం ఉంది. లోపలి మూలలో స్కేలు అనుకున్న దానికన్నా పావు డిగ్రీ తగ్గించి కోస్తే ముందు అంచులు ముందుగా ఆనుతాయి, మిగిలే సందు గోడ వైపు పోతుంది. బయటి మూలకు పావు డిగ్రీ పెంచాలి, అప్పుడు కొన దగ్గర గట్టిగా కలుస్తుంది. అంతకు మించి పోతే పట్టీ పై అంచులో సందు బయటపడుతుంది. డిజైన్ ఉన్న ఎండీఎఫ్ స్కర్టింగ్ అయితే లోపలి మూలల్లో నేను మైటర్ జాయింటే (రెండు కొసలనూ వాలుగా కోసి కలపడం) పెట్టను. ఒక పట్టీని తిన్నగా గోడకు తన్నించి, రెండోదాన్ని 45లో కోసి, ఆ కోతలో తేలిన డిజైన్ గీత వెంబడి సన్న రంపంతో వెనక్కి వాలుగా తీసేస్తాను. గోడ రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉన్నా అది మూసుకుంటుంది. టైమ్ ఎక్కువే పడుతుంది, కానీ మళ్లీ పిలుపు రాదు.

తలుపు బీడింగ్‌లో కష్టం వేరే రకం. దర్వాజా చెక్క కన్నా ప్లాస్టర్ మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకు వచ్చి ఉంటే పట్టీ లోపలి వైపు వాలి కూర్చుంటుంది. అప్పుడు కోణం సరిగ్గా 45 ఉన్నా పైన మూల కలవదు. దీనికి మెషిన్ మీద ఏ నంబరూ మార్చక్కర్లేదు. పట్టీ గోడ మీద ఎంత వాలి కూర్చుంటుందో, బల్ల మీద కూడా అంతే వాలేలా ఒక అంచు కింద సన్న ముక్క పెట్టి కోయండి. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు, జాయింట్ మాత్రం అతుక్కుపోతుంది.

నా మెషిన్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. 45 దగ్గర బల్ల టక్కున పడి ఆగే గాడి మరీ బలంగా ఉంది. 44.5 కావాలంటే హ్యాండిల్ బిగించే లోపే జారి గాడిలో పడిపోతుంది. కొత్తగా వచ్చే కొన్నింటిలో గాడిని తప్పించే మీట ఉంటోంది, కొనేవాళ్లు అది చూసుకోండి. నేను విజిటింగ్ కార్డులతో నెట్టుకొస్తున్నాను. 0.3 మిల్లీమీటర్ల కార్డు ఒకటి, బ్లేడ్‌కు 100 మిల్లీమీటర్ల దూరంలో ఫెన్స్‌కూ పట్టీకీ మధ్య పెడితే, ఇంచుమించు డిగ్రీలో ఆరో వంతు మారుతుంది. మూడు కార్డులు పెడితే అర డిగ్రీ. ఏ వైపు పెట్టామన్నదాన్ని బట్టి కోణం పెరగడమో తగ్గడమో జరుగుతుంది.

రెండో ఇబ్బంది, వాలుగా కోసేటప్పుడు పట్టీ ఫెన్స్ వెంబడి జరగడం. బ్లేడ్ దాన్ని మెల్లగా పక్కకు లాగుతుంది, కళ్లకు కనిపించదు, జాయింట్‌లో కనిపిస్తుంది. ఫెన్స్‌కు 150 నంబర్ శాండ్ పేపర్ డబుల్ టేపుతో అంటించాను, అప్పట్నుంచి ఆ బెడద లేదు. ఫెన్స్ ముందు ఒక ప్లై పట్టీ బిగించి అదే బ్లేడ్‌తో కోసి ఉంచితే చిన్న ముక్కలు ఎగిరిపోవడం, వెనక అంచు చిట్లడం కూడా తగ్గుతాయి. స్విచ్ నొక్కి బ్లేడ్ పూర్తి వేగం అందుకున్నాకే దించాలి, కోత అయ్యాక స్విచ్ వదిలి, బ్లేడ్ కిందే ఆగాక పైకి లేపాలి. తొందరపడి తిరుగుతుండగా లేపితే కోసిన మొహం మీద గీతలు పడతాయి. చేతికి గ్లౌజులు వద్దు, చెయ్యి బ్లేడ్‌కు ఆరంగుళాల లోపు పోవద్దు. ఆరంగుళాల కన్నా పొట్టి ముక్కలను క్లాంప్ పెట్టి కోయండి.

లేజర్ గీత గురించి ఒక్క మాట: దాన్ని చూసి కోయకండి. రవాణాలో కదులుతుంది. పెన్సిల్ గీత దగ్గరికి బ్లేడ్ పన్నును ఆపి ఉన్నప్పుడే దించి చూసుకోవడం మేలు.

స్కేలు మీద 31.6 దగ్గర గుర్తు ఎందుకని అడుగుతుంటారు. సీలింగ్‌కూ గోడకూ మధ్య 38 డిగ్రీల వాలుతో కూర్చునే కార్నిస్ పట్టీని బల్ల మీద పడుకోబెట్టి కోయడానికి అది. 90 మూల అయితే బల్ల 31.6, తల వాలు 33.9. మన దగ్గర సీలింగ్ అంచులు ఎక్కువగా పీఓపీతోనే చేస్తారు కాబట్టి దీని అవసరం తక్కువ. పాలిస్టరిన్ కార్నిస్ వచ్చినప్పుడు నేను దాన్ని తలకిందులుగా ఫెన్స్‌కు వాల్చి మామూలు 45లోనే కోస్తాను, లెక్కలు తప్పుతాయన్న టెన్షన్ ఉండదు.

జాయింట్ బాగా కుదిరినా చెక్క తన పని తాను చేసుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి ఎండిపోయి ఉంటుంది, జులై నుంచి తేమ పడుతుంది. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. ఎండి కుంచించుకుంటే ఫ్రేమ్ మూల లోపలి కొస తెరుచుకుంటుంది, తేమకు ఉబ్బితే బయటి కొస. సందు ఎక్కడ వచ్చిందో చూస్తే అది కోత తప్పా, చెక్క తడా అన్నది కొంతవరకు చెప్పొచ్చు. భోయిగూడ డిపోలోంచి తెచ్చిన పట్టీని ఆ ఇంట్లోనే వారం పది రోజులు పేర్చి ఉంచి, తర్వాత కొడతాను. కస్టమర్ తొందరపెట్టినా ఈ విషయంలో తగ్గను. జాయింట్ మొహాలకు ఫెవికాల్ పల్చగా ఒకసారి రాసి, పీల్చుకున్నాక మళ్లీ రాసి కలపండి, అడ్డుకోత మొహం మొదటి పూతను తాగేస్తుంది.

దుమ్ము సంచి సగం దుమ్మే పడుతుంది. ఎండీఎఫ్ కోసేటప్పుడు వ్యాక్యూమ్ తగిలించి, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి, ఇందులో రాజీ లేదు. సైట్‌లో సన్నటి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే వోల్టేజ్ పడిపోయి మోటార్ వేడెక్కుతుంది, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వాడండి. కార్బన్ బ్రష్షులు అరిగితే నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, అవి మార్చడం పది నిమిషాల పని.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మోటార్ శబ్దం విని మురిసిపోవద్దు. ప్లగ్ తీసి ఉంచి, తలను కిందికి దించి, హ్యాండిల్ పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. ఇరుసు దగ్గర కదలిక తెలిస్తే ఎంత తక్కువకు ఇస్తానన్నా వదిలేయండి. బ్లేడ్ మార్చుకోవచ్చు, ఫెన్స్ సరిచేసుకోవచ్చు. అరిగిన ఇరుసుతో మాత్రం ఒక కోతకూ ఇంకో కోతకూ పొంతన ఉండదు, ఈ కార్డులూ లెక్కలూ ఏవీ అక్కడ పనికిరావు.