నల్లగొండలో మా కాలనీ పార్కు: లోపల నీడ, బయట దారి కరువు

నల్లగొండలోని మా కాలనీ పార్కును నడకకు వచ్చేవారి దృష్టితో సమీక్షిస్తున్నాను. లోపలి నడకబాట మట్టిది కావడం దీనిలోని మొదటి మంచి గుణం. సిమెంటు పలకల కంటే మోకాళ్లకు హాయిగా ఉంటుంది, వాన నీరూ భూమిలోకి ఇంకుతుంది. వేప, కానుగ చెట్లు బాట పొడవునా నీడనివ్వడమే కాక, ఆకుల నుంచి ఆవిరయ్యే నీటితో చుట్టూ గాలిని చల్లబరుస్తాయి కాబట్టి, మే నెలలో సైతం ఇక్కడ ఉదయం 8 గంటల దాకా నడవవచ్చు. ఓపెన్ జిమ్ పరికరాలు పరవాలేదు.

అయితే పార్కు ఎంత బాగున్నా అక్కడికి చేరే దారి బాగుండకపోతే ఆరోగ్యానికి దాని ఉపయోగం సగమే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. గడప దాటగానే కాలిబాట ఉంటే పాల ప్యాకెట్టుకు, కూరగాయలకు వెళ్లిరావడంలోనే అందులో చాలా భాగం పూర్తవుతుంది. కాలిబాటకు అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం రోడ్డు పక్కన బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, తోపుడు బండ్లు పోగా (బండ్లవాళ్లను తప్పుపట్టను, వారికీ వేరే చోటు లేదు) నడిచేవారికి మిగిలేది తారు అంచే. అందుకే కొందరు పార్కులో నడవడానికి స్కూటీ మీద వస్తున్నారు. చేతికర్రతో నడిచే వృద్ధులు అసలు రావడమే లేదు.

రోడ్డు దాటనవసరం లేనంత దగ్గరలో ఉండేవారికి ఈ పార్కును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మిగతావారు వాహనాల రద్దీ మొదలుకాకముందే రావడం మంచిది. గేటు ఉదయం 5 గంటలకే తీస్తారు.