రేడియేటర్ ఫ్యాన్ లోపాల వేటలో డీసీ క్లాంప్ మీటరు: కొన్నేళ్ల వాడకం తరువాత

ఒకసారి తిరిగి, ఇంకోసారి మొరాయించే రేడియేటర్ ఫ్యాన్‌తో వేగినవారందరికీ అనుభవమే, గ్యారేజీ గుమ్మం తొక్కగానే అది బుద్ధిగా తిరగడం మొదలుపెడుతుంది. పదేళ్లు దాటిన మా పెట్రోలు కారులో ఇలాంటి లోపాలను పట్టుకోవడానికి కొన్న డీసీ క్లాంప్ మీటరును, అంటే వైరు చుట్టూ దవడలా పట్టుకుని అందులో పారే డైరెక్ట్ కరెంటును కొలిచే పరికరాన్ని, కొన్నేళ్లుగా వాడుతున్నాను. మూడు వేల రూపాయల లోపు వచ్చిన సాధారణ రకమే అయినా, ఈ పనికి మల్టీమీటరు ఒక్కటే ఉండటం కంటే ఇది ఎంతో మేలని నా అభిప్రాయం.

మల్టీమీటరు వోల్టేజీని కొలిచేటప్పుడు సర్క్యూట్ నుంచి కరెంటును దాదాపు తీసుకోదు. అందువల్ల వైరులో ఒక్క రాగి పోగే మిగిలి ఉన్నా, ఫ్యాన్ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి చూస్తే తెరపై నిండుగా 12 వోల్టులు కనిపిస్తాయి. తిరిగి తగిలిస్తే ఫ్యాన్ మాత్రం కదలదు. పోనీ కరెంటునే కొలుద్దామంటే చాలా మల్టీమీటర్ల పరిమితి 10 ఆంపియర్లే, ఫ్యాన్ మోటారు మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. క్లాంప్ మీటరుకు వైరు కోయనక్కరలేదు, కప్లర్ విప్పనక్కరలేదు. ఈ రెండో సౌకర్యమే నాకు ముఖ్యం, ఎందుకంటే లూజ్ కాంటాక్ట్ ఉన్న కప్లర్‌ను కదిపితే అది తాత్కాలికంగా బాగైపోయి లోపం మళ్లీ దాక్కుంటుంది.

మే నెల ఎండల్లో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి పాకేది. ఒక గ్యారేజీలో రిలే (చిన్న కరెంటుతో ఫ్యాన్ కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు), మరోచోట టెంపరేచర్ సెన్సర్ మార్చారు, ఫలితం లేదు. ఇంటి దగ్గర ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ పాజిటివ్ వైరుకు క్లాంప్ తగిలించి ఉంచాను. చల్లగా ఉన్నంతసేపు దాదాపు 12 ఆంపియర్లు చూపిన మీటరు, బానెట్ కింద వేడి పెరిగేకొద్దీ 6కు దిగింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది గానీ గాలి తగ్గింది. అప్పుడు మల్టీమీటరుతో చూస్తే ఫ్యాన్‌కు కరెంటు పంపే రిలే 87వ నంబరు పిన్ను దగ్గర 13.8 వోల్టులు ఉన్నాయి, కప్లర్ దాటాక మోటారు వైపు మిగిలింది 9 వోల్టులే. అంటే ఆ కప్లర్‌లోనే సుమారు 29 వాట్లు వేడిగా మారుతున్నాయి, చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్‌లో గుచ్చి వదిలినంత. విప్పి చూస్తే ఒక పిన్ను గోధుమ రంగుకు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. కొత్త కప్లర్ వేయించాక బాధ తీరింది.

మోటారుకు పూర్తి వోల్టేజీ అందుతున్నా కరెంటు సున్నా అయితే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయని అనుమానించవచ్చు. మామూలు కంటే బాగా ఎక్కువ లాగుతుంటే మోటారు ఇరుసును మోసే బుష్షులు పట్టేస్తున్నట్టు. ఫ్యూజు అప్పుడప్పుడు పోవడానికి అదీ ఒక కారణం.

ఇక చిరాకు పెట్టే విషయాలు. సున్నా నిలకడగా ఉండదు. దవడలో అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంటును పసిగట్టే హాల్ సెన్సర్ వేడికీ, చుట్టుపక్కల అయస్కాంత ప్రభావానికీ స్పందిస్తుంది కాబట్టి, కొలిచే చోటే, అదే కోణంలో పట్టుకుని ప్రతిసారీ జీరో బటన్ నొక్కాలి. పాజిటివ్, నెగెటివ్ వైర్లు రెండూ దవడలో పడితే వాటి ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నాయే కనిపిస్తుంది. దవడ లావు కావడంతో ఫ్యూజు బాక్సు లోపలి వైర్ల దగ్గర అది పట్టదు. అన్నిటికంటే విసిగించేది, కాసేపటికి తనంతట తాను ఆగిపోయే సదుపాయం: ఎప్పుడొస్తుందో తెలియని లోపం కోసం కాపు కాసే మనిషికి అంతకంటే అడ్డంకి లేదు. మ్యాక్స్, మిన్ విలువలను దాచుకునే బటన్ మాత్రం ఆ లోటును కొంత పూడుస్తుంది.

కొనేవారు ఒకటి గమనించాలి. ఇంటి వైరింగు కోసం అమ్మే చవక క్లాంప్ మీటర్లలో ఎక్కువ భాగం ఆల్టర్నేటింగ్ కరెంటును మాత్రమే కొలుస్తాయి, కారులో అవి పనికిరావు. రిలే కాయిల్ తీసుకునే 0.15 ఆంపియర్ల వంటి స్వల్ప కరెంటు దగ్గర నా మీటరు నమ్మదగ్గదిగా లేదు, ఆ వైపు ఇప్పటికీ టెస్ట్ లాంపే వాడుతున్నాను. ఫ్యాన్ వేగాన్ని ప్రత్యేక మాడ్యూల్ నియంత్రించే కొత్త కార్లలోనైతే అంకె ఒక్కటి చూసి లాభం లేదు, కారు కంప్యూటరులోని సమాచారాన్ని చదివే స్కానర్ తప్పనిసరి. ఏ మీటరు వాడినా, ఇంజిన్ ఆపిన తరువాత కూడా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది గనుక రెక్కల దగ్గర చేయి పెట్టాలంటే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయాలి.