మిరియం సాంటియాగోనా, లైలా డి లిమానా: శాసనకర్తగా ఎవరిది మేలైన దారి?

ఫిలిప్పీన్స్ సెనేట్‌లో ఉండేది 24 మందే. దేశమంతా ఒకే నియోజకవర్గం. మూడేళ్లకోసారి జరిగే ఎన్నికలో 12 స్థానాలకు జనం ఓటు వేస్తారు కాబట్టి, ఉత్తరాన లూజాన్ దీవి నుంచి దక్షిణాన మిందనావో దాకా పేరు తెలిసినవారికి తప్ప ఆ సభలో చోటు దొరకడం కష్టం. అందుకే సినీతారలూ పాత రాజకీయ కుటుంబాలవారూ అక్కడ ఎక్కువ. న్యాయశాస్త్రం చదివి, వృత్తిలో చూపిన మొండితనంతోనే ఆ గడప దాటిన ఇద్దరు స్త్రీలు మిరియం డెఫెన్సర్ సాంటియాగో, లైలా డి లిమా. వీరిద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించడానికి కారణం, ఒకరు సభలో తిరుగులేని గొంతుగా వెలిగితే, మరొకరు సభ్యురాలై ఉండి కూడా పదవీకాలంలో అధిక భాగం సభలో అడుగు పెట్టలేకపోవడం.

ఇలోయ్‌లోలో 1945లో పుట్టిన మిరియం, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేసి, కేసన్ సిటీలో న్యాయమూర్తిగా పనిచేశారు. 1988లో వలస వ్యవహారాల కమిషనర్‌గా నియమితులై, లంచాలకు పేరుపడ్డ ఆ శాఖలో చేపట్టిన ప్రక్షాళనకు అదే ఏడాది రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. మన శాంతా సిన్హాకు 2003లో దక్కిన పురస్కారం అదే. 1992లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఫిడెల్ రామోస్ చేతిలో స్వల్ప తేడాతో ఓడి, ఫలితాన్ని ట్రైబ్యునల్‌లో సవాలు చేశారు. 1995లో సెనేట్‌కు పోటీచేసి గెలిచినందువల్ల ఆ ఫిర్యాదును ఆమె వదులుకున్నట్టేనని ట్రైబ్యునల్ తేల్చింది. శాసనకర్త కావడానికి ఆమె చెల్లించిన మూల్యం అది.

మిరియం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఆమె వెటకారమే. సాక్షులను నిలదీసే తీరు, ఎదుటివారిని ఒక్క వాక్యంతో కూర్చోబెట్టే చురుకు ఆమెకు అభిమానులను సంపాదించి పెట్టాయి గాని, నా లెక్కలో అవి ఆమె విలువలో చిన్న భాగం. పైగా ఆ నాలుక ఆమెను కాపాడని రోజులూ ఉన్నాయి. 2001 జనవరి 16న, అధ్యక్షుడు ఎస్ట్రాడా అభిశంసన విచారణలో, ఆయన అవినీతికి ఆధారాలని చెప్పిన బ్యాంకు పత్రాలున్న కవరును తెరవాలా వద్దా అని సెనేట్ ఓటు వేసినప్పుడు, తెరవనక్కర్లేదన్న 11 మందిలో ఆమె ఒకరు. తెరవాలన్నవారు 10 మంది. టీవీలో అది చూసిన జనం ఆ రాత్రే మనీలాలోని ఎడ్సా రహదారి మీదికి వచ్చారు. నాలుగు రోజుల్లో ఎస్ట్రాడా అధ్యక్ష భవనం వదిలిపోయాడు. మే నెలలో జరిగిన ఎన్నికలో మిరియం ఓడిపోయారు.

2004లో తిరిగి గెలిచిన తర్వాత చేసిన పనే ఆమెకు అసలు కొలత. సంతాన నియంత్రణ సాధనాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పేదలకు అందించే చట్టాన్ని కాథలిక్ చర్చి ఏళ్ల తరబడి అడ్డుకుంటున్నప్పుడు, తోటి సెనేటర్ పియా కయెటానోతో కలిసి దాన్ని సెనేట్‌లో నడిపించిన వ్యక్తి మిరియం. 2012లో అది చట్టమయింది. అంతకు ముందు ఏడాది, విదేశీ సంబంధాల సంఘం అధ్యక్షురాలిగా, అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని స్థాపించిన రోమ్ ఒడంబడికను సభ ముందు పెట్టి 17–1 ఓట్లతో నెగ్గించారు. అదే న్యాయస్థానానికి న్యాయమూర్తిగా ఎన్నికైనా అనారోగ్యం వల్ల బాధ్యతలు చేపట్టలేకపోయారు. 2016 అధ్యక్ష ఎన్నికలో అయిదుగురిలో చివరి స్థానంలో నిలిచి, ఆ సెప్టెంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

లైలా డి లిమా కథ దావోలో మలుపు తిరిగింది. వైద్యవిద్య కోసం ఎందరో తెలుగు విద్యార్థులు వెళ్లే దావో నగరమే అది. 2009లో మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలి హోదాలో, అక్కడ జరుగుతున్న హత్యల గురించి అప్పటి మేయర్ రోడ్రిగో డుటెర్టేను బహిరంగ విచారణలో ప్రశ్నించారు. ఆ తర్వాత న్యాయశాఖ మంత్రిగా పనిచేసి, 2016లో గెలిచిన 12 మందిలో పన్నెండో స్థానంతో ఆమె సెనేట్‌కు వచ్చేసరికి, ఆ మేయరే దేశాధ్యక్షుడు. మాదకద్రవ్యాల పేరిట సాగుతున్న హత్యలపై విచారణ మొదలుపెట్టిన ఆమెను సెప్టెంబరు 19న తోటి సభ్యులే న్యాయ సంఘం అధ్యక్ష స్థానం నుంచి తొలగించారు. 2017 ఫిబ్రవరి 24న మాదకద్రవ్యాల ఆరోపణల మీదే అరెస్టు చేశారు.

ఆమెను నిర్బంధించిన పోలీసు ప్రధాన స్థావరం క్యాంప్ క్రామేలో కంప్యూటరు లేదు, ఫోను లేదు. బిల్లులూ ప్రకటనలూ చేత్తో రాసి సిబ్బందికి పంపేవారు. కోవిడ్ కాలంలో మిగతా సెనేటర్లు ఇళ్ల నుంచి వీడియోలో సమావేశాలకు హాజరవుతున్నా, ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. అయినా పిల్లల చదువు, ఆరోగ్య పరీక్షల షరతుతో పేద కుటుంబాలకు నగదు సాయం అందించే కార్యక్రమానికి 2019లో చట్టబద్ధత వచ్చింది. దాని ప్రధాన రూపకర్తల్లో ఆమె ఉన్నారు, సంతకం చేసినది డుటెర్టే. 2022 అక్టోబరులో, తప్పించుకోబోయిన ఖైదీ ఒకడు ఆమె గదిలోకి చొరబడి, కళ్లకు గంతలు కట్టి బందీగా పట్టుకున్నాడు. పోలీసులు అతన్ని కాల్చి చంపారు. 2023 నవంబరులో బెయిలు, 2024 జూన్‌లో చివరి కేసు కొట్టివేత.

ధైర్యాన్ని తూచితే డి లిమావైపే ముల్లు మొగ్గుతుంది, అందులో నాకు సందేహం లేదు. కాని ప్రశ్న శాసనకర్తగా ఎవరి దారి మేలు అన్నది కనుక, నా ఓటు మిరియంకు. 2019లో డుటెర్టే ప్రభుత్వం రోమ్ ఒడంబడిక నుంచి వైదొలగినా, అది అమల్లో ఉన్న 2011 నవంబరు నుంచి 2019 మార్చి వరకు జరిగిన హత్యలు ఆ న్యాయస్థానం పరిధిలోనే మిగిలాయి. సెనేట్ విచారణ ఎక్కడ ఆగిపోయిందో, అక్కడి నుంచి పని కొనసాగించినది ఆ కాగితమే. అయితే మిరియంకు ఉన్న వెసులుబాటును మరువకూడదు: ఆమె చాలాకాలం అధికారంలో ఉన్నవారితో సర్దుకుపోగలిగారు, ఒక్కోసారి ఆ కవరు ఓటులా, సర్దుకుపోకూడని చోట కూడా. డి లిమాకు అలాంటి వెసులుబాటు దొరకలేదు, ఆమె వెతకనూ లేదు.

2025 మార్చి 11న మనీలా విమానాశ్రయంలో డుటెర్టేను అరెస్టు చేసి, ఆ అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న హేగ్‌కు తరలించారు. రెండు నెలల తర్వాత జరిగిన ఎన్నికలో, పార్టీలకు పడిన ఓట్లను బట్టి సీట్లిచ్చే పార్టీ జాబితా ద్వారా డి లిమా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు.