జీనో-కాంటో: దర్జీ పిట్ట గొంతు పట్టించే సైట్

మందార చెట్టులోంచి తెగ అరుస్తోంది, కనపడి చావట్లేదు, అదేం పిట్టో అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది పిట్టల గొంతుల రికార్డింగులుండే జీనో-కాంటో సైటే. 2005 నుంచి నడుస్తోంది, పైసా కట్టక్కర్లేదు, వినడానికి లాగిన్ కూడా అడగదు.

దర్జీ పిట్టనే తీసుకోండి. మహా అయితే 10 గ్రాములుండే ఈ వార్‌బ్లర్ (చిన్న పాటల పిట్ట) గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. సైట్‌లో దాని పేజీ తెరిస్తే పాట వేరు, పిలుపు వేరు, పిల్లిని చూసి బెదిరినప్పుడు పెట్టే గోల వేరు అని రికార్డింగుల పక్కనే రాసి ఉంటుంది. పాటేమో "టుయీ టుయీ టుయీ" అని ఒకే ముక్క ఆగకుండా, బెదిరితే "పిట్ పిట్ పిట్" అని గబగబా. మన దగ్గరివే కాదు, శ్రీలంక, థాయ్‌లాండ్ పిట్టలవీ వినొచ్చు. ఇలా నాలుగైదు విన్నాక ఈసారి చెట్టు వైపు చూడండి, అరిచేటప్పుడు మెడ పక్కన నల్లటి మచ్చ బయటపడుతుంది, నోరు మూస్తే మాయం!

నాకు బాగా నచ్చింది సోనోగ్రామ్. శబ్దం బొమ్మగా కనిపిస్తుంది కాబట్టి, పొదల్లో దర్జీ పిట్టకి తోడుగా తిరిగే ఆషీ ప్రినియా పిట్ట ముక్కుతో అనే "టీ టీ టీ"కీ దర్జీ పిట్ట అరుపుకీ తేడా చెవికి అందకపోయినా కంటికి తెలిసిపోతుంది. పిట్టల్ని గుర్తుపట్టే యాప్‌లు పేరు చెప్పి ఊరుకుంటాయి, ఇక్కడ మన చెవే తయారవుతుంది, నాకు కావాల్సింది అదే.

ఎవరైనా అప్‌లోడ్ చేయొచ్చు కాబట్టి అన్నీ ఒకేలా ఉండవు, కొన్నిట్లో పిట్ట కంటే గాలి హోరే ఎక్కువ. A (అన్నిటికంటే బాగున్నవి) నుంచి E దాకా రేటింగులు ఇస్తారు, ముందు A ఉన్నవి వినండి.

ఒక్క మాట, దయచేసి వీటిని చెట్టు కింద నిలబడి స్పీకర్‌లో పెట్టకండి, అందులోనూ గూళ్ళు కట్టే వానాకాలంలో అసలు వద్దు. చెట్టు మీది పిట్ట తన చోటికి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడు సంగతి వదిలేసి దాన్ని తరమడానికి తిరుగుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.