హామ్‌క్రెస్టా, అసర్ట్‌జేనా: ఏది మేలు?

"అన్నా, హామ్‌క్రెస్ట్ మ్యాచర్లే ఉంచుదామా, అసర్ట్‌జేకి మారుదామా?" బెజవాడలో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లంతా మొదటి నెలలోనే అడిగే మాట ఇది. మాది మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జావాలో రాసింది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్‌లు రాయడానికి వాడే లైబ్రరీలే ఈ రెండూ. వచ్చిన విలువ మనం అనుకున్నట్టే ఉందా అని సరిచూసే కోడ్ ముక్కే మ్యాచర్. రెండూ వాడి చూశాకే పోయిన సీజన్‌కి ముందు ఒకటి తేల్చుకున్నాం.

టెస్ట్ పాసైనంతకాలం ఏదైనా ఒకటే. ఫెయిలైన రోజే తేడా తెలుస్తుంది. ఒకసారి రాత్రి పదిన్నరకి ఒక టెస్ట్ ఫెయిలై బిల్డ్ ఆగిపోయింది. ఆ టెస్ట్ రాసిన కుర్రాడు ఊరెళ్లాడు, ఫోన్ కలవలేదు. స్క్రీన్ మీద రెండే లైన్లు. కాటాతో సరిపోయే పట్టీ (రైతుకిచ్చే అమ్మకం బిల్లు) కావాలని మొదటిది. వచ్చింది ఇదీ అని రెండోది: పట్టీ క్లాసు పేరు, ఒక @ గుర్తు, పక్కన ఏవో హెక్స్ అంకెలు. పట్టీలో పన్నెండు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయి. వాటిలో తేడా దేంట్లో? డీబగ్గర్ పెట్టి ఒక్కోటీ చూసుకుంటూ పోతే ఏడో టిక్కీ కాటాలో 43.2 కిలోలు, పట్టీలో 42.2. క్వింటాలు 18,000 లెక్కన రైతుకి 180 రూపాయలు తక్కువ పడుతోంది. ఇది దొరికేసరికి పన్నెండు దాటింది.

మ్యాచర్ రాసింది మావాడే కాబట్టి తప్పు మాదే. కానీ ఆ తప్పు చేయడానికి హామ్‌క్రెస్ట్ దారి ఇస్తుంది. సొంత మ్యాచర్ రాయడానికి అదిచ్చే టైప్‌సేఫ్‌మ్యాచర్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేస్తే, ఏం కావాలో చెప్పే డిస్క్రైబ్‌టు రాయందే కంపైల్ కాదు. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పే డిస్క్రైబ్‌మిస్‌మ్యాచ్‌సేఫ్లీ మాత్రం రాయకపోయినా నడిచిపోతుంది. రాయకపోతే వచ్చిన ఆబ్జెక్ట్‌ని అలాగే ప్రింట్ చేసి ఊరుకుంటుంది. దానికి సొంత టుస్ట్రింగ్ (ఆబ్జెక్ట్‌ని చదవగలిగేలా చూపించే మెథడ్) కూడా లేకపోతే ఇక చెప్పేదేముంది.

అసర్ట్‌జేలో ఇదే పనికి అబ్‌స్ట్రాక్ట్‌అసర్ట్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేస్తాం. అక్కడ హామ్‌క్రెస్ట్‌లోలా ట్రూ, ఫాల్స్ తిప్పి పంపే పని లేదు. తేడా కనిపించిన చోటే ఫెయిల్‌విత్‌మెసేజ్ పిలవాలి, పిలిచేటప్పుడే మెసేజ్ రాయాలి. ఎంత బద్ధకస్తుడైనా ఒక్క ముక్కైనా రాస్తాడు. అప్పటికే లూప్‌లో ఉంటాడు కాబట్టి టిక్కీ నంబరు, రెండు బరువులూ చేతిలోనే ఉంటాయి. నా వరకు తేల్చేది ఇదే. పైగా చుక్క పెట్టగానే ఐడీఈ (కోడ్ రాసే ఎడిటర్) మన మెథడ్లన్నీ చూపిస్తుంది, కొత్తవాళ్లకి అది పెద్ద ఊరట.

హామ్‌క్రెస్ట్ గొప్ప ఒకటి ఒప్పుకోవాలి. చిన్న మ్యాచర్లని ఒకదాంట్లో ఒకటి పెట్టి పెద్దది కట్టుకోవడంలో దాని తర్వాతే ఏదైనా. అసర్ట్‌జేలో ఒక్కో టైపుకి ఒక్కో క్లాసు రాసుకోవాలి, చెక్ మొదలుపెట్టే అసర్ట్‌దట్ మెథడ్ కూడా సొంతంగా పెట్టుకోవాలి. అయితే కట్టిన మ్యాచర్ కూలినప్పుడు చూడండి: లిస్టులో అన్నిటినీ సరిచూసే ఎవ్రీఐటమ్ మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, అది ఎన్నోదో కూడా చెప్పదు. అదే పని చేసే అసర్ట్‌జే ఆల్‌సాటిస్ఫై తేడా ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. హామ్‌క్రెస్టే వాడతామంటే టైప్‌సేఫ్‌డయాగ్నోసింగ్‌మ్యాచర్ పట్టుకోండి. అందులో సరిచూసే మెథడ్‌కే డిస్క్రిప్షన్ కూడా అందుతుంది, కాబట్టి ఫాల్స్ అనే చోటే కారణం రాసేయొచ్చు.

అసర్ట్‌జేలోనూ గోతులున్నాయి. యాజ్ అనే వివరణ చెక్‌కి ముందు పెట్టాలి, తర్వాత పెడితే మెసేజ్‌లో కనబడదు. అసర్ట్‌దట్ రాసి వెనక చెక్ మర్చిపోతే ఆ టెస్ట్ ఎప్పటికీ పాసే. మా రివ్యూలో ఇలాంటివి రెండు దొరికాయి.

ఇదే పనికి గూగుల్ వాళ్ల ట్రూత్ లైబ్రరీ కూడా మంచిదే. మెసేజ్‌ని ఫ్యాక్ట్‌లుగా విడదీసి పద్ధతిగా చూపిస్తుంది. మా టీమ్‌లో తెలిసినవాళ్లు లేక దాని జోలికి పోలేదు. జావా టెస్ట్‌లు నడిపే జేయూనిట్‌లోని ఉత్త అసర్ట్‌ట్రూ అంటారా, ఫాల్స్ వచ్చిందని చెప్పి చేతులు దులుపుకుంటుంది.

"జేయూనిట్‌లో హామ్‌క్రెస్ట్ ఉందిగా" అనే వాదన పాతబడింది. హామ్‌క్రెస్ట్ మ్యాచర్లు తీసుకుంటూ 2007లో జేయూనిట్ 4.4తో వచ్చిన అసర్ట్‌దట్‌ని 2017లో వచ్చిన జేయూనిట్ 5 తనలో పెట్టుకోలేదు. ఏ లైబ్రరీ కావాలో మనల్నే తెచ్చుకోమంది.

పాత మ్యాచర్లన్నీ తిరగరాయలేదు. హామ్‌క్రెస్ట్‌కండిషన్ తొడుగు వేస్తే అవి అసర్ట్‌జేలోనే నడుస్తున్నాయి. పట్టీది ఒక్కటే కొత్తగా రాశాం. ఇప్పుడది ఫెయిలైతే "7వ టిక్కీ: కాటా 43.2, పట్టీ 42.2" అని వస్తోంది.