రఫ్ ఎన్‌పీవై201 రూల్: పేర్లకు భేష్, ఇన్1డీ దగ్గర మాత్రం ఆగి చూడండి

రఫ్ అనేది పైథాన్ కోడ్‌లో తప్పులు పట్టే సాధనం. అర్రేలతో (సంఖ్యల వరుసలు, పట్టికలతో) లెక్కలు చేసే నమ్‌పై లైబ్రరీ 2.0లో చెల్లని పాత పేర్లను పట్టే దాని రూలే ఎన్‌పీవై201. నమ్‌పై 2.0 వచ్చిన 2024 నుంచీ ఈ రూల్ మా ప్యాకేజీ సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు నడిపే వ్యవస్థలో) నడుస్తోంది. నమ్‌పైలో తీసేసిన, తీసేయబోతున్న పేర్లను ఏరి దిద్దడానికి దీన్ని మించినది నాకు కనబడలేదు. ఫ్లోట్_ ఉంటే ఫ్లోట్64, ప్రొడక్ట్ ఉంటే ప్రాడ్, రో_స్టాక్ ఉంటే వీస్టాక్. రఫ్ తానే దిద్దే ఒక్క ఫిక్స్ ఆప్షన్‌తో పని అయిపోతుంది. ఈ మార్పులను కళ్లు మూసుకుని మెర్జ్ చేయొచ్చు.

ఇన్1డీ (అర్రేలోని విలువలు మరో జాబితాలో ఉన్నాయో లేదో చూసే ఫంక్షన్) సంగతి అలా కాదు. దాని బదులు ఈజిన్ వాడమని నమ్‌పై 2.0 హెచ్చరికే చెబుతుంది, రూల్ కూడా అదే రాస్తుంది. కానీ ఇన్1డీ ఎలాంటి అర్రేనైనా చదును చేసి (ఒకే వరుసగా మార్చి) జవాబిస్తుంది, ఈజిన్ ఆకారాన్ని అలాగే ఉంచుతుంది. 3×4 అర్రే ఇస్తే మొదటిది 12 విలువల వరుస, రెండోది 3×4 మాస్క్ (అవును/కాదు విలువల పట్టిక). ఆ మాస్క్‌తో రావెల్‌తో చదును చేసిన అర్రేను ఇండెక్స్ చేస్తే ఇండెక్స్‌ఎర్రర్ వస్తుంది, అది నయం. అసలు ప్రమాదం వేర్ (నిజమైన విలువల స్థానాలిచ్చే ఫంక్షన్) ఫలితంలో సున్నా నంబరు అంశం తీసుకునే చోట ఉంది: నిన్నటిదాకా 0–11 మధ్య వచ్చిన స్థానాలు ఇప్పుడు 0–2 మధ్య వరుస నంబర్లవుతాయి. ఎర్రర్ రాదు, లెక్క తప్పుతుంది. టెస్టుల్లో 1డీ డేటానే ఉంటే అన్నీ పాస్ అవుతాయి కూడా. అందుకే ఫిక్స్ నడిపే ముందే ఇన్1డీని గ్రెప్ చేసి (కోడ్‌లో వెతికి), 2డీ వచ్చే ప్రతిచోటా ఈజిన్ ఫలితానికి రావెల్ తగిలించండి.

ట్రాప్‌జ్ (వక్రరేఖ కింది వైశాల్యం లెక్కించే ఫంక్షన్) చిక్కు వేరు. దాని బదులు వాడే ట్రాపిజాయిడ్ నమ్‌పై 1.26లో లేదు. రెండు వెర్షన్లూ నడవాలంటే ఏది ఉందో హ్యాజ్‌యాటర్‌తో చూసి, ఉన్నదాన్ని పిలవాలి.

గెట్‌యాటర్‌కు (పేరును అక్షరాలుగా ఇస్తే దాన్ని తెచ్చే ఫంక్షన్‌కు) స్ట్రింగ్‌గా ఇచ్చిన పేర్లు ఈ రూల్‌కు దొరకవు. మనం వాడే ఇతర లైబ్రరీల లోపలి కోడ్‌నూ ఇది చదవదు. వాటి కోసం టెస్టులు నడిపే పైటెస్ట్‌లో డెప్రికేషన్‌వార్నింగ్‌ను (తీసేయబోయే పేర్లపై వచ్చే హెచ్చరికను) ఎర్రర్‌గా మార్చుకోవాలి. ఏదైనా లైబ్రరీకి మినహాయింపు ఇస్తే ఆ ఇగ్నోర్ లైను ఎర్రర్ లైను కిందే ఉండాలి, ఎందుకంటే సరిపోలిన వాటిలో చివరిదే చెల్లుతుంది.

మాది 2డీ డేటా ఎక్కువున్న ప్యాకేజీ, కనీస వెర్షన్ ఇంకా 1.26. కాబట్టి సీఐలో దీన్ని చూపించడం వరకే ఉంచాం, ఫిక్స్ చేతితోనే నడుపుతున్నాం. అంతా 1డీ డేటాతో, కనీస వెర్షన్ 2.0కి పెంచేసిన వాళ్లకు ఇంత జాగ్రత్త అక్కర్లేకపోవచ్చు.