పాత దుకాణాల కట్టడాల చరిత్రకు సాన్‌బోర్న్ పటాలు: ఒక సమీక్ష

అమెరికాలోని చిన్న పట్టణాల నడివీధుల్లో కనిపించే పాత ఇటుక కట్టడం ఎప్పటిదో, అందులో ఏయే వ్యాపారాలు నడిచాయో తెలుసుకోదలచినవారు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచిన సాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. బీమా సంస్థలు ఊరికి వెళ్లకుండానే ఒక్కొక్క కట్టడానికి ఉన్న అగ్నిప్రమాదాన్ని అంచనా వేసుకునేందుకు, 1867లో మొదలైన సాన్‌బోర్న్ కంపెనీ దాదాపు 12,000 ఊళ్లకు ఈ పటాలు గీయించింది.

సాధారణంగా అంగుళానికి 50 అడుగుల చొప్పున గీసిన ఈ పటాల్లో గులాబీ రంగు ఇటుకకు, పసుపు కొయ్యకు, నీలం రాతికి గుర్తు. అంతస్తుల సంఖ్య, గోడల మందం, వీధి కింది నీటి గొట్టాలు సైతం నమోదయ్యాయి. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది పసుపు రంగు చుట్టూ గులాబీ అంచు ఉన్న గుర్తు: చూడటానికి ఇటుక కట్టడమే అయినా, లోపల ఉన్నది కొయ్య చట్రమేనని అది చెబుతుంది. వీధిలో నిలబడి ఎంతసేపు చూసినా ఆ సంగతి మనకు తెలియదు.

దుకాణంలో ఏం అమ్మేవారో పొడి అక్షరాల్లో రాశారు, 'డి.జి.' అంటే బట్టల దుకాణం. ఒకే వీధికి వేర్వేరు సంవత్సరాల్లో వచ్చిన పటాలను వరుసగా పెట్టి చూసినప్పుడు, కొయ్య కొట్లు పోయి ఇటుక గోడలు లేవడం, మందుల దుకాణం ఉన్న గదిపై తర్వాతి పటంలో 'ఖాళీ' అని ఉండటం గమనించి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

రంగుల ప్రతులు దొరకడం ఈ సేకరణకున్న పెద్ద బలం. నలుపు తెలుపు మైక్రోఫిల్మ్ ప్రతుల్లో ఇటుకకూ కొయ్యకూ తేడా చూడగానే తెలియదు.

అయితే పటం మీది సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకూడదు. మార్పులు జరిగినప్పుడు కొత్త చీటీలను పాత గీతల మీద అతికించేవారు కనుక, ముఖపత్రంపై ఉన్న సంవత్సరం కంటే కట్టడం కొత్తది కావచ్చు. యజమానుల వివరాలు చాలావరకు వీటిలో ఉండవు. రెండు పటాల మధ్య కాలంలో కట్టిన దానికి కచ్చితమైన సంవత్సరం కావాలంటే ఆస్తి దస్తావేజులను, నాటి పత్రికలను వెతకవలసిందే.